మొలకెత్తకూడని గింజ

కోలారు పక్కనున్న తమకలో విశాలమ్మ మిల్లు గేటుకు వేసిన లక్క సీలు మీద శనివారం తారీఖు ఉంది. ఆగస్టు ఇరవై ఆరు, సాయంత్రం నాలుగూ ఇరవై. నాగరత్న ఆ అంకెలను పుస్తకంలో రాసుకుని గడియారం చూసుకుంది. సోమవారం ఉదయం ఎనిమిదీ నలభై. నలభై గంటలుగా మిల్లులో ఏ యంత్రమూ తిరగలేదు.

నాగరత్నది ఆండర్సన్‌పేట. వయసు యాభై నాలుగు. అక్కడి బంగారు గనులు ప్రభుత్వం చేతిలో ఉన్న చివరి పదేళ్లు ఆమె గనుల పరీక్షశాలలో పనిచేసింది. లోపలినుంచి వచ్చిన రాతిపొడిలో బంగారం ఎంతుందో తేల్చడం అప్పటి పని. గనులు మూతపడ్డాక బీమా కంపెనీల తరఫున కాలిన గోదాములు, మునిగిన సరుకులు పరిశీలించి, చివరికి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది. విశాలమ్మ నుంచి ఆదివారం ఫోన్ వచ్చినప్పుడు నాగరత్న అడిగిన మొదటి ప్రశ్న, దొరికిన సంచి మీద లాటు నంబరు ఎంత అని. విశాలమ్మ తడుముకోకుండా చెప్పింది, నలభై ఒకటి అని.

ఇన్‌స్పెక్టర్ రామకృష్ణప్ప ఆరోపణ సూటిగానే ఉంది. గౌనిపల్లి దగ్గర చిన్నవెంకటప్ప అనే రైతు మామిడితోటలో గంజాయి మొక్కలు దొరికాయి. పక్కనే విశాలమ్మ మిల్లు ముద్ర ఉన్న సంచి, దాని మూలల్లో గుప్పెడు గింజలు దొరికాయి. రైతును అప్పుడే అరెస్టు చేశాడు. విశాలమ్మను కోలారు దాటవద్దన్నాడు. సోమవారం సాయంత్రంలోగా ఆమెను కూడా తీసుకుపోతానని చెప్పి వెళ్లాడు.

విశాలమ్మ గేటు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. అరవై మూడేళ్ల మనిషి. వెనక చెట్టు నీడలో ఆమె దగ్గర పనిచేసే ఇరవైమంది ఆడవాళ్లు ఎవరూ ఇళ్లకు పోకుండా నిలబడి ఉన్నారు. పని లేకపోయినా ఎనిమిదింటికే వచ్చారట. నాగరత్న ఇరవై ఏళ్లుగా అనుమానితుల ముఖాలు చూస్తోంది. మిల్లు సీలు పడి, తల మీద అరెస్టు వేలాడుతున్నప్పుడు కూడా ఎదుటి మనిషికి టిఫినయిందా అని అడిగిన అనుమానితురాలిని ఆమె చూడలేదు.

విశాలమ్మ చెప్పిన కథ నాగరత్న మధ్యలో ఆపకుండా విన్నది. కోలారు బజారులో వాళ్లది ధాన్యం కొట్టు. అత్తగారి కాలంలో చిలకలకూ పావురాలకూ వేసే గింజల్లో హెంప్ గింజ కూడా కొద్దిగా వచ్చేది. అది గంజాయి కుటుంబపు మొక్కే, గింజలో మాత్రం మత్తు ఉండదు. పువ్వు జిగురు పైపొట్టుకు అంటుకుని వస్తేనే చిక్కు. భర్త పోయాక కొట్టు నడుపుతూ ఆమె ఈ గింజ వెనకపడింది. చైనాలో, కెనడాలో వేల ఎకరాల్లో పండిస్తారని, ఫ్రాన్సువాళ్లు పక్షులకు అమ్ముతారని, ఇంగ్లండులో ఉడకబెట్టి చేపలకు ఎరగా వేస్తారని, మన ఉత్తరాది కొండల్లో ఎప్పట్నుంచో పచ్చడి నూరుకు తింటున్నారని ఒక్కొక్కటే తెలుసుకుంది. మన ప్రభుత్వం ఈ గింజను తిండి సరుకుగా ఒప్పుకున్న ఏడాదే ఆమె ఒక్కతే రైలెక్కి కొండలకు పోయి, అక్కడి ఆడవాళ్లతో సరుకు మాట్లాడుకుని వచ్చింది. రాగులు శుభ్రం చేసే యంత్రాన్ని మార్పించి ఈ గింజ కడిగే యంత్రం చేయించింది.

ఆ మిల్లులో ఒక్క నియమం ఉంది. వచ్చిన గింజను మొదట కడుగుతారు, వెంటనే ఆవిరి పట్టిస్తారు. ఆవిరి పట్టిన గింజ తినడానికి బాగుంటుంది, మొలకెత్తదు.

"ప్రాణమున్న గింజ నా గేటు దాటకూడదు," అంది విశాలమ్మ. "దాటితే ఎవుడో ఒకడు నాటుతాడు. ఆ మాట మొదటి దినమే గోడ మీద రాయించినాను."

ప్రతి లాటు నుంచి ఒక సీసాడు గింజ తీసి, తారీఖు రాసి దాచడం కూడా ఆమె అలవాటు. నలభై ఒకటో లాటు సీసాను ఇన్‌స్పెక్టర్ శనివారమే సాక్షుల ముందు సీలు వేసి పట్టుకుపోయాడు. ఆ లాటుకు ఆవిరి పట్టింది ఆగస్టు మూడున. అదే రోజు నాలుగు వందల సంచుల మీదా నంబరు ముద్ర పడింది. మొన్న శుక్రవారం తెల్లారకముందే ఆ నాలుగు వందలూ ఎగుమతి గోదాముకు బయలుదేరాయి. బయటి దేశంతో ఇంగ్లీషు ఉత్తరాలు, లారీలు, గోదాము, అన్నీ చూసేది కోలారు కమిషన్ ఏజెంటు హనుమంతయ్య.

"నాలుగు వందలూ పోతే తోటలోకి సంచి ఎట్లా వచ్చింది?" అని నాగరత్న అడిగింది.

విశాలమ్మ ఆవిరి డ్రమ్ము నడిపే సొన్నప్పను పిలిచింది.

సొన్నప్ప గౌనిపల్లి వైపు మనిషే. డ్రమ్ము గురించి అడిగినంతసేపు గడగడా చెప్పాడు. సంచుల మాట ఎత్తగానే అతని చేతులు తువ్వాలును మెలిపెట్టడం మొదలుపెట్టాయి. నాగరత్న గొంతు పెంచలేదు. ఆగస్టు మూడున ఎన్ని సంచులకు ముద్ర వేశావని అడిగింది. నాలుగు వందలన్నాడు. ముద్ర వేసింది తానేనా అంటే అవునన్నాడు. ఒక్క సంచీ పాడవలేదా అంటే నేల చూశాడు.

"సొన్నప్పా, చిన్నవెంకటప్ప రెండు దినాలుగా లోపలున్నాడు. నువ్వు దాచేది నీ తప్పో, ఇంకొకరి తప్పో నాకు తెలీదు. జైల్లో ఉండేది మాత్రం ఆయన."

సొన్నప్ప కళ్లు తుడుచుకున్నాడు. "ఒగటి మూల కుట్టు ఊడిపోయిందమ్మా. గింజ వేరే సంచిలో పోసి, ముద్ర కొట్టి, లెక్క సరిచేసినాను. చినిగింది ఆడనే మూలన పడేసినాను. పోయిన గురువారం మద్దేనం రెండింటికి హనుమంతయ్య వచ్చినాడు. కొత్త సంచులు అచ్చేయించల్ల, మాదిరికి ఒగటియ్యి అన్నాడు. సుమ్మనే, ఏమీ అడక్కుండా ఇచ్చినాను. ముద్రపడిన సంచి బయటికి ఇయ్యకూడదని అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. అందుకే నోరు మెదపలేదు."

విశాలమ్మ అతన్ని తిట్టలేదు. "చెప్పినావు కదా, ఇంగ అన్నం తిను పో," అంది.

నాగరత్న కారు తీసింది. ఊరు దాటొద్దన్న మాట గుర్తుచేస్తే విశాలమ్మ వినలేదు. గింజ సంగతి తేలేచోట తాను లేకుండా ఎట్లాగని, సంచిలో గుచ్చి గింజ తీసే ఇనుప గొట్టం, తన కాగితాల ఫైలు పట్టుకుని ముందు సీటులో కూర్చుంది.

పదకొండుంబావుకు వాళ్లు గౌనిపల్లి తోటకు చేరేసరికి రామకృష్ణప్ప జీపు అక్కడే ఉంది. విశాలమ్మను చూడగానే అతని ముఖం బిగుసుకుంది. నలభై ఏళ్లవాడు, ఒళ్లు వంచి పనిచేస్తాడని, లంచం ముట్టడని పేరు. అలాంటివాడు పొరపాటు పడితే ఒప్పించడం ఇంకా కష్టమని నాగరత్నకు తెలుసు.

"కోలారు దాటొద్దని చెప్పినాను కదమ్మా," అన్నాడు.

"పారిపోయేదైతే మీ జీపు దగ్గరికే వస్తానా అప్పా," అంది విశాలమ్మ.

నాగరత్న మొక్కల దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. తోట చివర, కంచె పక్కన, మూడు వరుసల్లో నలభై ఆరు మొక్కలు. ఛాతీ ఎత్తు పెరిగాయి. కాండం మొదట్లో నారకట్టి గట్టిపడింది. ఆమె టేపు తీసి కొలిచి, కణుపులు లెక్కపెట్టింది. తర్వాత సాక్ష్యంగా ఉంచిన సంచిని చూపించమంది. ఒక మూల చేతికుట్టు, మిగతా మూడు వైపులా మిల్లు మిషను కుట్టు. ముద్ర మీద నలభై ఒకటి, ఆగస్టు మూడు.

"సార్, ఈ మొక్కల వయసు ఎంతుంటుంది?"

"రెండు నెలలు," అన్నాడు రామకృష్ణప్ప. "అటూ ఇటూ నాలుగు దినాలు."

"మీరు పట్టుకున్నది ఆగస్టు ఇరవై ఆరున. సంచి మీద ముద్ర పడింది అంతకు ఇరవై మూడు దినాల ముందు. గింజ నాటి నెల దాటినాక సంచి పుట్టింది. ఈ సంచిలో గింజ ఈ మొక్క అయ్యేది ఎట్లా?"

ఇన్‌స్పెక్టర్ వెంటనే తగ్గలేదు. మొదట వేరే సంచిలో తెచ్చి నాటి ఉండొచ్చు, ఇది తర్వాత వచ్చి ఉండొచ్చు అన్నాడు. అప్పుడతను తన దగ్గరున్న అసలు దెబ్బ తీశాడు.

"ఆవిరి పట్టిన గింజ మొలవదని ఈయమ్మ చెప్తాది. నేనూ రైతు కొడుకునే మేడం. రాగులు మొలక కట్టినట్టు ఈ సంచిలో గింజలు ఇరవై తడిగుడ్డలో కట్టినాను. శనివారం రాత్రి కట్టి, ఈ పొద్దు తెల్లారి విప్పినాను. పదిహేడు మొలిచినాయి."

చిన్న డబ్బా తెరిచి చూపించాడు. తడిగుడ్డ మీద తెల్లటి మొలకలు పురుగుల్లా వంకర్లు తిరిగి ఉన్నాయి. విశాలమ్మ ముఖంలో రంగు పోయింది. తన పేరున్న సంచిలో ప్రాణమున్న గింజ. చెట్టుకు చెయ్యి ఆనించి నిలబడింది.

నాగరత్న వంగి ఆ మొలకలను దగ్గరగా చూసింది. ఇన్‌స్పెక్టర్ పరీక్షలో తప్పు లేదు, పైగా మంచి పరీక్ష. అది గింజకు ప్రాణముందని చెప్పింది. ఆ గింజ ఎవరిదో చెప్పలేదు. ఆమె కారులోంచి పరీక్షశాల నాటి ఇత్తడి జల్లెడ తెచ్చి, సీలు వేసిన లాటు సీసా జీపులో ఉందా అని అడిగింది. ఉందన్నాడు.

"బంగారం వేరు, ఇది వేరు మేడం," అన్నాడు, ఆమె పాత ఉద్యోగం సంగతి తెలిసి.

"నమూనా తీసే పద్ధతి ఒకటే సార్. సీసాకు మీ సీలే ఉండాది. నాకు అంతకంటే పెద్ద సాక్షి లేదు. మీరే విప్పండి."

రామకృష్ణప్ప ఇద్దరు కానిస్టేబుళ్ల ముందు సీలు తీశాడు. నాగరత్న గింజలు తెల్లగుడ్డ మీద కుప్పపోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసుకుని జల్లెడలో వేసింది. మూడు ఊపులకు గింజలు దాదాపు అన్నీ కిందికి జారిపోయాయి. జల్లెడలో నాలుగో అయిదో మిగిలాయి. తర్వాత సంచి మూలల్లోని గింజలు వేసింది. ఎంత ఊపినా అవి జల్లెడలోనే ఉండిపోయాయి.

ఇన్‌స్పెక్టర్ జల్లెడ తన చేతిలోకి తీసుకుని, మొదటినుంచి తానే ఇంకోసారి చేశాడు. అదే ఫలితం. టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

"నేను గింజ చూసినాను. గింజ పక్కన గింజ పెట్టి చూడలేదు," అన్నాడు. ఆ మాట అనడానికి అతనికి కష్టమైంది. అయినా కానిస్టేబుళ్ల ముందే అన్నాడు. నాగరత్నకు ఆ మనిషి మీద గౌరవం పుట్టింది అక్కడే.

విశాలమ్మ ఈలోగా సంచిలోని గింజ ఒకటి గోటితో చిట్లించి వాసన చూసింది. పొట్టు మీద వేలు రుద్దింది. వేలికి సన్నటి జిగురు అంటింది.

"ఇది కొండ గింజ కాదు. కొండది చిన్నది, నల్ల మచ్చలుంటాయి. ఇది చలి దేశాల్లో నూనెకు పెంచే రకం. కడగలేదు, ఆవిరి తగల్లేదు. రెండేండ్ల కింద ఇట్లాంటి గింజే ఒగాయన పొట్లం కట్టి తెచ్చి చూపించినాడు. అగ్గువకు వస్తాది, కొందామన్నాడు. ప్రాణమున్న గింజ నాకొద్దని చెప్పినాను."

ఎవరని అడగాల్సిన అవసరం లేకపోయింది. అయినా నాగరత్న అడిగింది. హనుమంతయ్య అని విశాలమ్మ చెప్పింది.

ఒక్క ముడి మిగిలింది. రెండు నెలల కింద ఈ తోటలోకి వచ్చి గింజ నాటింది ఎవరు? చిన్నవెంకటప్ప భార్య పిల్లమ్మ కంచె అవతల ఆవును పట్టుకుని నిలబడి, వీళ్లనే చూస్తోంది. పోలీసులను చూసి రెండు రోజులుగా దగ్గరికి రాలేదు. నాగరత్న తానే వెళ్లి, జూన్ ఆఖర్లో తోటలో పనులు ఎవరు చేశారని అడిగింది.

"మేమెవరూ చెయ్యలేదమ్మా. మామిడికాయ కాలమంతా తోట మా చేతిలో యాడుండాది? గుత్తకు ఇచ్చేసినాము. వాళ్ల కావలి మనుషులే ఉండిరి. మమ్మల్ని పుల్ల ఏరుకునేదానికి కూడా రానియ్యలేదు. జులై ఆఖర్లో పోయినారు. నా మొగుడు ఆ మొక్కలు చూసి, ఏందో పిచ్చిచెట్లు అని ఇడిచిపెట్టినాడు."

"గుత్త ఎవరు పట్టింది?"

"కోలారు హనుమంతయ్య. కాగితం ఇంట్లో ఉండాది, తెస్తాను."

పిల్లమ్మ తెచ్చిన కాగితం మీద సంతకాన్ని రామకృష్ణప్ప రెండుసార్లు చూశాడు. అక్కడే ఫోన్ తీసి చిన్నవెంకటప్పను వదిలే కాగితాలు సిద్ధం చేయమని స్టేషనుకు చెప్పాడు. పిల్లమ్మ ఆవు మెడ మీద తల ఆనించి ఏడ్చింది.

పన్నెండున్నరకు జీపు, కారు ఒకదాని వెనక ఒకటి శ్రీనివాసపురం రోడ్డులోని హనుమంతయ్య గోదాము ముందు ఆగాయి. హనుమంతయ్య లేడు. శనివారం నుంచి కనబడలేదని కావలివాడు ఆంజినప్ప చెప్పాడు. లారీ ఒకటి మాత్రం పదకొండున్నరకు ములబాగిలు మీదుగా చెన్నైకి పోయిందట. గోదాము నేల మీద గింజలు అక్కడక్కడా రాలి ఉన్నాయి. నాగరత్న వాటిని ఏరి జల్లెడలో వేసింది. కొన్ని జారాయి, కొన్ని నిలిచాయి. రెండు రకాల గింజలూ ఇక్కడే సంచులు మారాయి.

రామకృష్ణప్ప ఆంధ్ర సరిహద్దులోని నంగలి చెక్‌పోస్టుకు ఫోన్ చేశాడు. లారీ అప్పుడే అక్కడ బారులో నిలబడి ఉంది. పక్కకు తీయించి ఆపమన్నాడు.

దారిలో విశాలమ్మ ఫైలు ఒళ్లో పెట్టుకుంది. శనివారం రాత్రి తాను చెన్నై పోవలసిందని, సరుకు కొన్న జర్మనీ కంపెనీ మనిషి అక్కడికి వస్తున్నాడని, తామిద్దరూ కలిసి సంచులు విప్పి చూశాక కంటైనరు మూయాలని ఒప్పందమని చెప్పింది. ఆ మనిషి ఇంతవరకు ఆమెను చూడలేదు. ఉత్తరాలన్నీ హనుమంతయ్య రాసినవే.

నాగరత్నకు అప్పుడు అర్థమైంది. ముందే మొక్కలు పెంచి, తోటలో సంచి పెట్టించి, పోలీసులకు ఉప్పందించింది విశాలమ్మను జైలుకు పంపాలని కాదు. సంచులు విప్పి గింజ గుర్తుపట్టే ఆ ఒక్క ప్రయాణం ఆమెను చేయనీయకూడదని.

రెండుంబావుకు నంగలిలో లారీ టార్పాలిన్ తీశారు. సంచులన్నీ కొత్తవి, వాటి మీద హనుమంతయ్య కంపెనీ ముద్ర. విశాలమ్మ చీర కొంగు నడుముకు బిగించి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లారీ ఎక్కింది. ముందు వరుసలో ఒకటి, నడుమ రెండు, అట్టడుగున ఒకటి, గొట్టం గుచ్చి గింజ తీసింది. అరచేతిలో పోసుకుని ఊదింది. రెండు గింజలు నోట్లో వేసుకుని నమిలింది.

"నా గింజే," అంది. "నా ఆడోళ్లు కడిగిన గింజ. సంచి మాత్రం నాది కాదు."

డ్రైవరు తనకేమీ తెలియదన్నాడు. శుక్రవారం సాయంత్రం ఇంకో లారీ పోయిందని, దాంట్లో విశాలమ్మ మిల్లు ముద్ర సంచులు నాలుగు వందలు తానే ఎక్కించానని చెప్పాడు. ఆ సంచుల్లో ఏముందో ఇప్పుడు ముగ్గురికీ తెలుసు. ఎవరూ కొనని ప్రాణమున్న గింజ ఆమె పేరు మీద ఓడ ఎక్కుతుంది. ఆమె కష్టం ఇంకొకడి పేరు మీద అమ్ముడుపోతుంది. అవతలి రేవులో ఆ గింజ మొలిచిన రోజు ఆమె పేరు చెడుతుంది. దానితోపాటు కొండల్లో పండించినవాళ్ల పేరూ పోతుంది.

రామకృష్ణప్ప ఆమెను కిందికి దింపడానికి చెయ్యి అందించాడు. ఈసారి ఆమె పట్టుకుంది.

"లారీ దొరికింది కదమ్మా. మీ సరుకు మీకు వస్తుంది. మిల్లు సీలు నేనే తీస్తాను. చెన్నై సంగతి నిదానంగా..."

"నిదానమైతే తినేవాళ్లకు నేనేమి చెప్పేది?" అంది విశాలమ్మ. ఫైలు తెరిచి జర్మనీ కంపెనీ తరఫున చెన్నైలో పనులు చూసే మనిషి నంబరు వెతికింది. "నా పేరుతో వచ్చిన సరుకు తీసుకోవద్దని నేనే చెప్తాను. ఆర్డరు పోతే పోనీ. మళ్లీ సంపాదిస్తాను."

రెండేళ్ల శ్రమ ఆ ఒక్క ఆర్డరులో ఉందని నాగరత్నకు తెలుసు. విశాలమ్మ నంబరు నొక్కి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టింది. అవతల ఒక మగగొంతు తమిళంలో పలికింది. విశాలమ్మ కూడా తమిళంలోనే తన పేరు, ఊరు, లాటు నంబరు చెప్పి, కంటైనరు మూయొద్దని అంది.

అవతలి మనిషి మర్యాదగానే, అయోమయంగా అడిగాడు.

"ఎవరమ్మా మాట్లాడేది? కోలారు విశాలమ్మగారు పొద్దున్నుంచి మా ఆఫీసులోనే ఉన్నారు. కంటైనరు ఆవిడే దగ్గరుండి మూయించారు. ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని సంతకాలు పెడుతున్నారు."